వారెంట్‌లో ‘ఒక మొబైల్ ఫోన్’ అని రాసేస్తే సరిపోతుందా?

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు స్టోరేజ్ సంగతి ఒక్క లైన్‌లో తేల్చేస్తాం. 128 జీబీ అయితే కష్టం, 256 అయితే ఓకే, 512 అయితే ఇక అడగక్కర్లేదు. ఆ 256 జీబీలో చివరికి ఏం చేరుతుందో మాత్రం ఎవరం లెక్కేయం. నాలుగైదేళ్ళ వాట్సాప్ చాట్లు, ఫోన్‌పే హిస్టరీ, ఆఫీసు మెయిల్, అమ్మ షుగర్ రిపోర్టు ఫొటో, ఆధార్ పీడీఎఫ్, ఏ రోజు ఎక్కడ తిరిగామో చెప్పే మ్యాప్స్ టైమ్‌లైన్, డిలీట్ చేశాం అనుకున్న సెల్ఫీలు. ఇంత సరుకునీ పోలీసు పంచనామాలో రాయాల్సి వస్తే ఒక్కటే ఐటమ్: నలుపు రంగు మొబైల్ ఫోన్, ఒకటి.

చిక్కంతా ఆ ‘ఒకటి’ దగ్గరే ఉంది. సోదా వారెంట్ అంటే అందులో ఎక్కడ వెతకాలో, దేనికోసం వెతకాలో రాసుండాలి అన్నది పాత సూత్రం. ఇల్లయితే ఇది ఈజీ. ఫలానా వీధి, ఫలానా డోర్ నంబర్, వెనక గది, ఫలానా లెక్కల పుస్తకం. ఫోన్‌కి డోర్ నంబర్ కావాలంటే ఐఎంఈఐ రాయొచ్చు. మరి లోపల గదుల సంగతేంటి? ఏ యాప్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరితో చాట్? దీని గురించి మన చట్టం ఏమంటుంది, ఏమనకుండా వదిలేసింది అన్నది మనలాంటి ఫోన్ పిచ్చోళ్ళకి ప్రాసెసర్ నానోమీటర్ల కంటే ముందు తెలియాలి.

నేను లాయర్‌ని కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. కాకపోతే తీర్పులు చదవడం, వేరేవాడు రాసిన కోడ్ చదవడం దాదాపు ఒకే రకం పని. కామెంట్లు పేజీలకి పేజీలు ఉంటాయి, అసలు కండిషన్ ఎక్కడో ఒక లైన్‌లో దాక్కుని ఉంటుంది.

సెర్చ్ బార్‌లో ‘గంజాయి’

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. గంజాయి మీద తనిఖీలు అంటూ పోలీసులు రోడ్డు మీద బైకులు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సాప్ తెరిచి, సెర్చ్ బార్‌లో గంజాయి అని కొట్టి చూశారు. ఆ వీడియోలు బయటికొచ్చి దేశమంతా చర్చ జరిగింది. బలవంతం ఏమీ లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నది పోలీసుల వైపు నుంచి వచ్చిన వివరణ.

ఇందులో ఒక తమాషా గమనించారా? వెతికిన మాట చూస్తే చాలా నిర్దిష్టంగా ఉంది. గ్యాలరీ మొత్తం స్క్రోల్ చేయలేదు, ఒక్క పదం కొట్టారు. ఆ లెక్కన ఇది పద్ధతైన సోదాలా కనిపిస్తుంది. కానీ ఎవరి ఫోన్‌లో కొట్టారు, ఏ ఆధారంతో కొట్టారు? ఆ టైమ్‌కి ఆ రోడ్డు మీద బండి నడపడం ఒక్కటే ఆధారం. డేటాబేస్ భాషలో చెప్పాలంటే వేర్ క్లాజ్‌లో రెండు కండిషన్లు ఉండాలి: ఏం వెతుకుతున్నాం, ఎవరి దగ్గర ఎందుకు వెతుకుతున్నాం. ఒకటి పెట్టి రెండోది తీసేస్తే ఆ క్వెరీ ఊరందరి టేబుల్ మీదా నడుస్తుంది. పైగా కుర్రాళ్ళ గ్రూపుల్లో ఆ పదం మీమ్స్‌లో, సినిమా కబుర్లలో, న్యూస్ లింకుల్లో ఎన్నిసార్లు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఫాల్స్ పాజిటివ్‌లతో సెర్చ్ రిజల్ట్ నిండిపోతుంది. అలా దొరికిన రిజల్ట్‌కి ‘ఇది జోక్ సార్’ అని రోడ్డు మీద నిలబడి వివరణ ఇచ్చుకోవాల్సింది మాత్రం ఫోన్ ఓనరే.

నాది మిర్యాలగూడ. మా వైపు మూడు దారుల్లో రాష్ట్ర సరిహద్దు తగులుతుంది. విజయవాడ హైవే మీద కోదాడ దాటాక రామాపురం, మాకు దగ్గర్లో కృష్ణ ఒడ్డున వాడపల్లి, అటు నాగార్జున సాగర్. ఎన్నికలొస్తే డబ్బు కోసం, మద్యం కోసం, కోతల సీజన్‌లో వడ్ల లారీల కోసం, మిగతా రోజుల్లో గంజాయి కోసం బండ్లు ఆపుతుంటారు. డిక్కీ తీయమంటే తీస్తాం. అందులో ఏముంటుంది, ఒక స్టెప్నీ, రెండు వాటర్ బాటిళ్ళు, అత్తగారింటి నుంచి వచ్చిన పచ్చడి జాడీ. ‘ఫోన్ లాక్ తీసి ఇవ్వు తమ్మీ’ అన్నప్పుడు కూడా మనకి అది ఇంకో డిక్కీలాగే అనిపిస్తుంది. అలవాటు కొద్దీ బొటనవేలు పెట్టేస్తాం.

పుస్తకంలో ఏముంది

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పొట్టిగా బీఎన్‌ఎస్‌ఎస్ అందాం. సోదా వారెంట్ల విషయంలో మాత్రం ఇది పాత వెర్షన్‌కి కొత్త నంబర్ వేసినట్టే ఉంటుంది. పాత సెక్షన్ 93 ఇప్పుడు 96 అయింది, లోపలి సరుకు దాదాపు అదే.

దాని ప్రకారం కోర్టు మూడు సందర్భాల్లో వారెంట్ ఇవ్వొచ్చు. ఫలానా వస్తువు తెచ్చివ్వమని సమన్లు పంపినా ఆ మనిషి ఇవ్వడు అని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు. ఆ వస్తువు ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు. ఈ రెండింట్లో ‘ఫలానా వస్తువు’ అనేది ఒకటి ఉంది. మూడోది చూడండి: విచారణకి ‘సాధారణ సోదా’ పనికొస్తుంది అని కోర్టు అనుకున్నప్పుడు. ఇక్కడ వస్తువు పేరే లేదు. అంటే నిర్దిష్టంగా రాయని వారెంట్‌కి కూడా మన చట్టంలోనే ఒక తలుపు తీసి పెట్టారు. కేరళ నుంచి వచ్చిన కుట్టన్ పిళ్ళై కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జనరల్ వారెంట్‌ని సమర్థించింది కూడా. అయితే ఆ కేసులో వెతకాల్సింది ఒక సంస్థ ఆఫీసులో, నిందితుడి ఇంట్లో కాదు.

అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది. సోదా ఫలానా చోటికే, లేదా ఆ చోటులో ఫలానా భాగానికే పరిమితం అని కోర్టు వారెంట్‌లో రాయొచ్చు. అలా రాస్తే వెళ్ళినవాళ్ళు ఆ భాగంలోనే వెతకాలి. గమనించాల్సిన మాట ‘రాయొచ్చు’. రాయాలి అని లేదు. కాకపోతే చట్టం చివర ఇచ్చిన వారెంట్ నమూనా ఫారం ఇంకాస్త గట్టిగా ఉంటుంది. వస్తువుని స్పష్టంగా పేర్కొనమని, సోదా ఏ ఇంటికి, ఏ భాగానికి పరిమితమో వర్ణించమని ఖాళీలు వదిలి మరీ చెప్తుంది. ఫోన్‌ని ఒక ‘చోటు’ అనుకుంటే, వాట్సాప్ అందులో ఒక భాగం, మార్చి నెల చాట్ ఇంకా చిన్న భాగం. ఆ ఖాళీలో ఇది రాయడానికి ఏ అడ్డూ లేదు. రాయించే అలవాటే రావాలి.

వారెంట్ లేకుండా వెతికే దారి కూడా ఉంది, సెక్షన్ 185. ఆలస్యమైతే వస్తువు చేజారిపోతుంది అనుకుంటే దర్యాప్తు అధికారి కోర్టుకి వెళ్ళకుండానే వెతకొచ్చు. కానీ ముందు కారణాలు కేస్ డైరీలో రాయాలి, దేనికోసం వెతుకుతున్నాడో వీలైనంత వరకు అందులో పేర్కొనాలి. ఆ రాసినదాని కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి చేరాలి. అంటే వారెంట్ లేని సోదాకి కూడా ఒక కాగితం ఉంటుంది, అందులో ఒక వేర్ క్లాజ్ ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు కలిపి గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 94 కింద కోర్టు గానీ, స్టేషన్ ఇన్‌ఛార్జ్ అధికారి గానీ రాతపూర్వకంగా అడిగి డిజిటల్ సాక్ష్యం ఉండే అవకాశమున్న పరికరాన్ని తెప్పించుకోవచ్చు. సెక్షన్ 106 కింద నేరంతో సంబంధం ఉందని అనుమానం వచ్చిన వస్తువుని పోలీసులు జప్తు చేయొచ్చు. కాబట్టి ‘వారెంట్ లేకుండా ఫోన్ ముట్టుకోకూడదు’ అని రీల్స్‌లో చెప్పేవాళ్ళ మాట నమ్మి రోడ్డు మీద గొడవకి దిగకండి. ఫోన్‌ని తీసుకోవడం ఒకటి, దాన్ని తెరిచి చదవడం ఒకటి. రెండోదాని గురించే ఈ గోలంతా.

హైదరాబాద్ స్టాంపుల కేసు

నిర్దిష్టత ఎందుకు కావాలి అన్న ప్రశ్నకి దేశంలోనే మంచి జవాబుల్లో ఒకటి మన హైదరాబాద్ నుంచి వెళ్ళింది. అందులో ఫోన్ లేదు, గంజాయి లేదు. ఉన్నది స్టాంపు పేపర్లు.

స్టాంపు చట్టం 1899 నాటిది. దాని సెక్షన్ 73 ప్రకారం ప్రభుత్వ ఆఫీసుల్లో ఉండే రిజిస్టర్లని, కాగితాలని కలెక్టర్ అధికారం ఇచ్చిన మనిషి వెళ్ళి తనిఖీ చేయొచ్చు. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టారేమో చూడటానికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986 నాటి 17వ చట్టంతో దీన్ని సవరించింది. ప్రభుత్వ ఆఫీసులే కాదు, ప్రైవేటు వాళ్ళ దగ్గరున్న కాగితాలు కూడా చూడొచ్చు అంది. లోపలికి వెళ్ళొచ్చు, నోట్స్ రాసుకోవచ్చు, అవసరమైతే పట్టుకుపోవచ్చు. ఎవరు వెళ్ళొచ్చు? కలెక్టర్ రాసిచ్చిన ‘ఏ వ్యక్తి అయినా’. ఏ హోదా ఉండాలో లేదు, ఏ కారణం ఉండాలో లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉండేవి. అక్కడి ఏ బ్యాంకు బ్రాంచీకైనా, ఆ మాటకొస్తే ఎవరి ఇంటి బీరువాకైనా ఇదే రూల్.

హైదరాబాద్‌లో కెనరా బ్యాంకు దగ్గరున్న కాగితాల మీద అధికారులు ఈ సెక్షన్ వాడారు. వ్యవహారం హైకోర్టుకి వెళ్ళింది, హైకోర్టు ఆ సవరణ చెల్లదంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. జిల్లా రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్ కేసులో 2004 నవంబరులో తీర్పొచ్చింది. రాసింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటి. హైకోర్టు మాటే నిలబడింది.

ఈ తీర్పులో రెండు ముక్కలు మన పనికొస్తాయి. ఒకటి ‘ఏ వ్యక్తి అయినా’ గురించి. ఎవరు వెళ్తారు, ఏ ఆధారంతో వెళ్తారు, ఏం చూస్తారు అన్నదానికి హద్దు లేనప్పుడు, ఆ అధికారం ఇంటి గోప్యతనీ మనిషి గోప్యతనీ రెండింటినీ దెబ్బతీస్తుంది అంది కోర్టు. పన్ను రాబట్టడం మంచి ఉద్దేశమే, కానీ ఉద్దేశం మంచిదైనంత మాత్రాన హద్దులు లేని సోదా చెల్లదు. కోడ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్‌ని టీమ్ గ్రూప్‌లో పోస్ట్ చేసినట్టుంది ఆ సవరణ. అందరూ మంచోళ్ళే కావచ్చు, అయినా అలా చేయం కదా.

రెండోది ఇంకా ముఖ్యం. ప్రభుత్వం ఏమందంటే, కస్టమర్ తన కాగితాలు బ్యాంకుకి ఇచ్చేశాక ఇక వాటి మీద అతనికి గోప్యత ఏముంటుంది అని. అమెరికాలో 1976 నాటి మిల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాదాపు అదే మాటంది. మన కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. గోప్యత మనుషులది, చోటుది కాదు. నమ్మి ఒకరి దగ్గర దాచుకున్న కాగితం మీద నీ హక్కు పోదు అంది. 2004 అంటే గూగుల్ డ్రైవ్ లేదు, వాట్సాప్ లేదు. కానీ మన ఫొటోలు, బ్యాకప్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఇవాళ ఎవరిదో ఒకరి సర్వర్‌లోనే ఉన్నాయి. ఆ లైను క్లౌడ్ కోసమే రాశారా అనిపిస్తుంది.

అప్పటికి గోప్యత ప్రాథమిక హక్కు అని స్పష్టంగా తేలలేదు. అడ్డంగా ఉన్నది 1954 నాటి ఎం.పి. శర్మ కేసు. దాల్మియా జైన్ ఎయిర్‌వేస్ వ్యవహారంలో ఢిల్లీ మేజిస్ట్రేట్ ఇచ్చిన వారెంట్లతో 34 చోట్ల సోదాలు జరిగాయి. అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ లాంటిది మనకి లేదు కాబట్టి సోదాల్లో గోప్యత వాదన కుదరదు అంది ఎనిమిది మంది జడ్జీల బెంచ్. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పుతో తొమ్మిది మంది జడ్జీలు ఆ భాగాన్ని కొట్టేశారు. కెనరా బ్యాంకు తీర్పులో చెప్పిన మాటకి అక్కడ గట్టి బలం దొరికింది.

అన్ని గేట్లూ ఎత్తడం

ఇప్పుడు ఫోన్‌కి వద్దాం. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఫోన్‌ని మనలా యాప్ తెరిచి చూడరు. సెలబ్రైట్ లాంటి టూల్‌కి కనెక్ట్ చేసి ఇమేజ్ తీస్తారు. మోడల్‌ని బట్టి, లాక్ స్థితిని బట్టి కొన్నిసార్లు పైపైన ఉండే డేటా మాత్రమే వస్తుంది, కొన్నిసార్లు ఫైల్ సిస్టమ్ మొత్తం వస్తుంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో ఉంటాయి. ఒక్క మనిషితో చాట్ కావాలన్నా ముందు ఆ ఫైల్ మొత్తం చేతికి రావాల్సిందే. కాబట్టి ‘మార్చి నెల చాట్ మాత్రమే కాపీ చేయండి’ అనడం టెక్నికల్‌గా అన్నిసార్లూ కుదరదు, ఇది పోలీసుల వైపు నుంచి న్యాయమైన ఇబ్బందే. కాపీ మొత్తం తీసినా, చదివేది ఎంత అన్నదానికి హద్దు పెట్టొచ్చు. ఇమేజ్ తీయడం ఒక స్టెప్, దాని మీద క్వెరీ నడపడం ఇంకో స్టెప్. హద్దు పెట్టాల్సింది రెండో స్టెప్‌కి.

సాగర్ ఎడమ కాలువకి నీళ్ళు వదలాలంటే హెడ్ రెగ్యులేటర్ దగ్గర కావాల్సినంత ఎత్తుతారు. మా మిర్యాలగూడ పొలాలకి తడి కావాలని డ్యామ్‌కున్న 26 క్రెస్ట్ గేట్లూ ఎత్తరు కదా.

ఈ ఆలోచన మనకి కొత్తేం కాదు, ఫోన్లలో ఎప్పుడో వచ్చేసింది. ఆండ్రాయిడ్ 6తో యాప్ ఒక్కో పర్మిషన్ అడిగే పద్ధతి మొదలైంది. తర్వాత ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ లొకేషన్ వచ్చింది. ఆండ్రాయిడ్ 14లో మొత్తం గ్యాలరీ ఇవ్వకుండా ఎంచుకున్న ఫొటోలే ఇచ్చే ఆప్షన్ వచ్చింది. ఫుడ్ డెలివరీ యాప్‌కి మూడు ఫొటోలు చాలు అని మనం గట్టిగా అంటున్నాం. మనిషిని జైల్లో పెట్టగల వారెంట్‌కి మాత్రం ‘అలో ఆల్’ నొక్కేస్తున్నాం.

మన దేశంలో ఫోన్ సోదా గురించి వివరంగా మాట్లాడిన తీర్పుల్లో ఒకటి కర్ణాటక హైకోర్టుది, 2021 మార్చి నాటి వీరేంద్ర ఖన్నా కేసు. ఫోన్‌లో వెతకాలంటే మామూలుగా కోర్టు నుంచి వారెంట్ తీసుకోవాలి, అత్యవసరమైతే కారణాలు రాసి చేయాలి అంది. నెట్‌వర్క్ తగలకుండా ఫారడే కవర్‌లో పెట్టడం దగ్గర్నుంచి, దొరికిన డేటాని కోర్టు అనుమతి లేకుండా బయటివాళ్ళకి ఇవ్వకపోవడం దాకా పద్ధతులు చెప్పింది. తెలంగాణలో ఇది కట్టుబడాల్సిన తీర్పు కాదు, కానీ లాయర్లు ఇక్కడ కూడా చూపించొచ్చు. 2023 నవంబరులో జర్నలిస్టుల ఫోన్ల జప్తు మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు, ఏజెన్సీలకి ఇంత హద్దులేని అధికారం ప్రమాదకరం, మార్గదర్శకాలు పెట్టండి అని కేంద్రానికి చెప్పింది. అప్పటిదాకా కేంద్ర ఏజెన్సీలు 2020 నాటి సీబీఐ మాన్యువల్ పాటిస్తాయని ఆ డిసెంబరులో కేంద్రం కోర్టుకి చెప్పింది. మాన్యువల్ అనేది సంస్థ తన కోసం రాసుకున్నది. చట్టంలో ఒక సెక్షన్ ఉండటానికీ దానికీ తేడా మీకు తెలుసు.

అమెరికాలో ఇది చాలా ముందుకెళ్ళింది. 2014లో రైలీ కేసులో, అరెస్టు చేసినంత మాత్రాన ఫోన్ తెరవకూడదు, వారెంట్ తెచ్చుకోండి అని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత పేచీ వారెంట్‌లో ఏం రాయాలి అన్నదాని మీదకి మళ్ళింది. 2020లో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ళ కోర్టు బర్న్స్ కేసు చూడండి. హత్య కేసు. పోలీసుల దగ్గరున్న ఆధారాలు ఫోన్‌లోని కొన్ని మెసేజ్‌లకి, కాల్ లాగ్‌కి, లొకేషన్‌కి మాత్రమే సరిపోతాయి. వారెంట్‌లో మాత్రం ఫోన్‌లో ఏది దొరికినా అన్నట్టు రాయించుకున్నారు. కోర్టు ఆ వారెంట్లు చెల్లవంది, శిక్ష రద్దు చేసింది. హత్య కేసులో. 2024 ఆగస్టులో ఐదో సర్క్యూట్ కోర్టు జియోఫెన్స్ వారెంట్లని, అంటే ఫలానా చోట ఆ గంటలో ఉన్న ఫోన్లన్నీ ఇవ్వమని గూగుల్‌ని అడిగేవాటిని, జనరల్ వారెంట్లు అని తేల్చింది. దానికి కొన్ని నెలల ముందే, 2023 డిసెంబరులో, గూగుల్ లొకేషన్ హిస్టరీని సర్వర్ నుంచి ఫోన్‌లోకే మారుస్తామని ప్రకటించింది. మ్యాప్స్ టైమ్‌లైన్ వెబ్‌లో ఎందుకు పోయింది అని కామెంట్లలో అడిగే ఫ్రెండ్స్, దాని వెనక ఇలాంటి గొడవ కూడా ఉంది.

వారెంట్ తప్పయినా సాక్ష్యం తప్పు కాదు

ఇక్కడే మన దగ్గర అసలు మెలిక. అమెరికాలో వారెంట్ చెల్లకపోతే దొరికిన సాక్ష్యాన్ని చాలా సందర్భాల్లో పక్కన పెట్టేస్తారు. మన దగ్గర అలా కాదు. 1973 నాటి పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: సోదా చట్టవిరుద్ధమైనా, దొరికినది కేసుకి సంబంధించినదైతే సాక్ష్యంగా వాడొచ్చు. తప్పు చేసిన అధికారి మీద వేరే చర్య ఉండొచ్చు, చాట్ మాత్రం ఫైల్‌లోనే ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు, అదీ గంజాయి కేసుల్లోనే. మత్తుపదార్థాల చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒంటి మీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి గానీ మేజిస్ట్రేట్ గానీ ముందు సోదా కోరే హక్కు ఉందని చెప్పాలి. అది చెప్పకుండా ఒంటి మీద దొరికిన సరుకుని, అతని దగ్గర ఉంది అనడానికి సాక్ష్యంగా వాడకూడదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. జేబులో గంజాయి పొట్లానికి ఉన్న ఈ రక్షణ, అదే జేబులో ఉన్న ఫోన్‌కి లేదు. నాకైతే ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

అందుకే మన దగ్గర నిర్దిష్టత అనేది సోదాకి ముందే ఉండాలి. తర్వాత కోర్టులో వాదించి గెలిచినా, చదివేసిన చాట్‌ని చదవనట్టు చేయలేరు. ‘అన్‌డూ’ లేని ఆపరేషన్‌కి ముందే కన్ఫర్మేషన్ బాక్స్ పెడతాం కదా, వారెంట్‌లో ఆ రెండు ఖాళీలు అవే.

పిన్, వేలిముద్ర సంగతి

వేలిముద్ర ఇవ్వడం తనకి వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పడం కాదు అని 1961లోనే కాఠీ కాలు ఓఘడ్ కేసులో పదకొండు మంది జడ్జీలు తేల్చారు. అప్పటికి వేలిముద్రతో తలుపులే తెరుచుకోవు, ఫోన్ల మాట దేవుడెరుగు. పిన్ వేరు, అది తలలో ఉన్న సమాచారం. పాస్‌వర్డ్ అడగడం తప్పు కాదు అని వీరేంద్ర ఖన్నాలో కర్ణాటక హైకోర్టు అంది. 2022 అక్టోబరులో ఢిల్లీలోని ఒక సీబీఐ ప్రత్యేక కోర్టు పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయకూడదు, బయోమెట్రిక్ అయితే తీసుకోవచ్చు అంది. ఫోన్ రీస్టార్ట్ చేశాక మొదటిసారి వేలు పనిచేయదు, పిన్నే కొట్టాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి పవర్ మెనూలో లాక్‌డౌన్ ఆప్షన్ కూడా అదే పని చేస్తుంది. ఫీచర్ చెప్తున్నాను, అంతే. దర్యాప్తు మొదలయ్యాక డేటా చెరిపేయడం మాత్రం నేరం, అటు ఆలోచించకండి.

ఈ చర్చ రాబోయే రోజుల్లో పెరిగేదే. 2025 ఆదాయపు పన్ను చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది, సోదాల్లో ‘వర్చువల్ డిజిటల్ స్పేస్’ని కూడా చేర్చింది. మెయిల్ సర్వర్లు, సోషల్ మీడియా అకౌంట్లు, బ్యాంకు, ట్రేడింగ్ అకౌంట్లు, క్లౌడ్. జాబితా చివర ‘అలాంటి మరే ఇతర స్పేస్ అయినా’ అని ఉంది. 1986 నాటి ‘ఏ వ్యక్తి అయినా’ గుర్తొచ్చింది నాకు.

కాగితం అడగండి

ఎప్పుడైనా ఫోన్ అడిగితే మర్యాదగా అడగాల్సినవి కొన్నే. ఏ కేసులో, దేనికోసం? రాతపూర్వక ఆర్డర్ ఉందా? ఇష్టపూర్వకంగా ఇస్తున్నావా అంటే, ఇష్టం లేకపోతే లేదని నెమ్మదిగా చెప్పొచ్చు. సహకారం అని తర్వాత రాసేది మీరు నోరు తెరవనందుకే. జప్తు చేస్తే మోడల్, ఐఎంఈఐ, సిమ్ నంబర్లతో రాసిన జాబితా కాపీ తీసుకోండి. సెక్షన్ 105 ప్రకారం సోదా, జప్తు మొత్తం ఆడియో వీడియో రికార్డ్ చేయాలి, వీలైతే మొబైల్‌తోనే. ఆ రికార్డింగ్ ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి వెళ్ళాలి. వారెంట్ లేకుండా సెక్షన్ 185 కింద మీ చోటు వెతికితే, ఆ కారణాలు రాసిన కాగితం కాపీని మేజిస్ట్రేట్ దగ్గర అప్లికేషన్ పెట్టి ఉచితంగా తీసుకోవచ్చు. ‘ఏం వెతికారు’ అన్న ప్రశ్నకి పోలీసులు తమ చేత్తో రాసిన జవాబు అందులో ఉంటుంది.

ఇక భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద డిజిటల్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ఫారంలో హాష్ వాల్యూకి ఒక ఖాళీ ఉంది, ఏ ఆల్గారిథమ్ వాడారో టిక్ పెట్టడానికి గడులు కూడా ఉన్నాయి, ఎస్‌హెచ్‌ఏ 256తో సహా. ఇమేజ్ తీసిన రోజు హాష్, కోర్టుకి ఇచ్చిన రోజు హాష్ ఒకటే ఉండాలి. ఈ లెక్క లాయర్ల కంటే మన సైట్ చదివేవాళ్ళకే త్వరగా అర్థమవుతుంది. మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలాంటి కేసులో ఇరుక్కుంటే వాళ్ళ లాయర్‌తో కూర్చుని, ముందు ఆ ఖాళీలో నంబర్ ఉందో లేదో చూడండి.